సినిమా ఎక్కడ దాచారు?

నెగెటివ్ డబ్బాల చోట హార్డ్‌డిస్కులు వచ్చాయి. జూబ్లీహిల్స్ నుంచి టోలిచౌకి దాకా మన సినిమా ఇప్పుడు బతుకుతున్నది వాటిలోనే. వాటిని ఎలా ఎంచుకోవాలి, ఎవరు కాచుకోవాలి?

2025 అక్టోబరు 31న ‘బాహుబలి: ది ఎపిక్’ థియేటర్లకు వచ్చింది. 2015 నాటి మొదటి భాగాన్నీ 2017 నాటి రెండో భాగాన్నీ కలిపి, కుదించి, మూడు ముప్పావు గంటల ఒకే సినిమాగా రాజమౌళి మళ్లీ కూర్చారు. ఏ పాట తీసేశారు, ఏ సీను ఉంచారు అన్నదే ఆ వారమంతా చర్చ. నాకు మాత్రం, తీసేయడానికైనా ఉంచడానికైనా పదేళ్లనాటి సరుకు చేతికి అందడమే అసలు విశేషంగా తోచింది.

ఎందుకంటే బాహుబలికి నెగెటివ్ లేదు. ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్ దాన్ని ఆరీ అలెక్సా ఎక్స్‌టీ డిజిటల్ కెమెరాతో తీశారు. కెమెరా నుంచి కార్డులోకి, కార్డు నుంచి డిస్కులోకి, అక్కణ్నుంచి ఎడిట్‌కు, గ్రాఫిక్స్‌కు, అన్నపూర్ణ స్టూడియోస్‌లో రంగులు సరిదిద్దే డీఐకి. ఆ ప్రయాణమంతా అంకెల రూపంలోనే సాగింది. 2006 నాటి ‘పోకిరి’ 2022 ఆగస్టులో మళ్లీ విడుదలై రీరిలీజుల గాలి వీచినప్పటి సంగతి వేరు. ఆ కాలపు సినిమాలు ఫిల్మ్ మీద తీసినవి. నెగెటివ్ ఏ ల్యాబ్‌లోనో డబ్బాలో ఉంటే చాలు. రంగు వెలిసినా, గీతలు పడినా శుభ్రం చేసి స్కాన్ చేసుకోవచ్చు. డిస్కుకు ఆ వెసులుబాటు లేదు. ఇవాళ తెరుచుకుంటుంది, రేపు తెరుచుకోదు. మధ్యలో మసకబారడం అంటూ ఉండదు.

అన్నపూర్ణ, రామానాయుడు, పద్మాలయా లాంటి స్టూడియోల పేర్లు అందరికీ తెలిసినవే. వాటి చుట్టుపక్కల వీధుల్లో, అపార్టుమెంట్ల ఫ్లాట్లలో ఎడిట్ గదులూ డబ్బింగ్ గదులూ గ్రాఫిక్స్ ఆఫీసులూ నడుస్తుంటాయి. ఎడిట్ గదిలో బల్ల కిందో, మూలనున్న ర్యాక్‌లోనో ఆకుపచ్చ దీపాలు మిణుకుమనే పెట్టె ఒకటి ఉంటుంది. ‘స్టోరేజ్’ అంటారు, ‘నాస్’ అంటారు. హీరో డేట్లూ సెట్ల ఖర్చూ లైట్‌బాయ్‌ల బేటాలూ కలిపి కోట్లు పోసి తీసిన ఫలితం అంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. పెట్టె కొనేటప్పుడు మాత్రం బేరం వేల రూపాయల దగ్గర ఆగిపోతుంది.

ఎంత సరుకో ముందు ఒక లెక్క చూద్దాం. ఇప్పుడు పెద్ద సినిమాలకు వాడే లార్జ్ ఫార్మాట్ అలెక్సా కెమెరాలో పూర్తి సెన్సార్ ఫ్రేమ్ అంటే 4,448 అడ్డం, 3,096 నిలువు చుక్కలు. ఒక్కో చుక్కకు 12 బిట్లు. సెకనుకు 24 ఫ్రేములు. ఏ కుదింపూ లేకుండా రికార్డు చేస్తే గంటకు ఇంచుమించు 1.8 టెరాబైట్లు. నష్టం లేని కుదింపు వాడితే ఒక టెరాబైట్ దగ్గరికి దిగుతుంది. రోజుకు రెండు గంటల ఫుటేజ్, వంద రోజుల షూటింగ్ అనుకుంటే, కుదించాక కూడా 200 టెరాబైట్లు. అదీ ఒక్క కెమెరాకు. ఫైట్ సీన్లకు మూడు నాలుగు కెమెరాలు పెట్టే సంప్రదాయం మనది. థియేటర్‌కు పంపే తయారైన సినిమా ప్యాకేజీ మూడొందల గిగాబైట్ల లోపే ఉంటుంది. అంటే ప్రేక్షకుడు చూసేది కొండలో గులకరాయంత కూడా కాదు. కొండనంతా దాచాలా అంటే, ‘ఎపిక్’ లాంటి పని ఎప్పుడైనా చేయాలనుకునే వాళ్లు దాచాలి.

ఇంత సరుకు ఒక్క డిస్కులో పట్టదు. పట్టినా ఒక్కదాన్నే నమ్మకూడదు. ఈ ఆలోచనకు శాస్త్రీయ రూపం 1988లో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం రాశారు. పెద్ద కంప్యూటర్లకు వాడే ఖరీదైన ఒకే డిస్కుకు బదులు పర్సనల్ కంప్యూటర్లలో వాడే చౌక డిస్కులు కొన్నింటిని జట్టు కట్టిస్తే వేగమూ పెరుగుతుంది, ఖర్చూ తగ్గుతుంది అన్నారు. జట్టులో ఎన్ని ఎక్కువ డిస్కులుంటే ఏదో ఒకటి పోయే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి పోయినదాన్ని మిగిలినవాటి నుంచి తిరిగి రాబట్టుకునేలా కొంత అదనపు సమాచారం కూడా రాసిపెట్టుకోవాలన్నది వారి ప్రతిపాదన. దానికి వారు పెట్టిన పేరే రెయిడ్.

అదెలా సాధ్యమో అర్థం కావడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. నాలుగు డిస్కులున్నాయి. మొదటి మూడింట్లో 7, 5, 8 రాశాం. నాలుగోదాంట్లో వాటి మొత్తం 20 రాసిపెట్టాం. రెండో డిస్కు చచ్చిపోయింది. 20లోంచి 7, 8 తీసేస్తే పోయిన 5 దొరికింది. పెట్టె నిజంగా చేసేది కూడిక కాదు, ఎక్స్‌ఓఆర్ అనే బిట్ల లెక్క. సూత్రం మాత్రం ఇదే. ఆ అదనపు అంకెను పారిటీ అంటారు. పారిటీ ఒకటే రాస్తూ, దాన్ని అన్ని డిస్కుల్లోనూ పంచి పెడితే అది రెయిడ్ 5. రెండు వేర్వేరు రకాల పారిటీ రాస్తే రెయిడ్ 6. ఇందులో ఒకేసారి రెండు డిస్కులు పోయినా పని ఆగదు. ఒక డిస్కులో ఉన్నదే మరోదాంట్లో అచ్చంగా రాస్తే రెయిడ్ 1. అలాంటి జతలను కలిపి వేగం పెంచితే రెయిడ్ 10. ఇక రెయిడ్ 0లో పారిటీ లేదు, నకలు లేదు. సరుకును ముక్కలు చేసి అన్ని డిస్కుల్లో చల్లుతుంది, వేగం అదిరిపోతుంది, ఒక్క డిస్కు పోతే మొత్తం పోతుంది. రెండు డిస్కులతో ముద్దుగా వచ్చే చిన్న పెట్టెలు కొన్ని రెయిడ్ 0 అమరికతోనే చేతికొస్తాయి. కొన్న రోజే సెట్టింగులు తెరిచి చూసుకోవాలి. మళ్లీ తయారు చేసుకోగల తాత్కాలిక రెండర్ ఫైళ్లకు తప్ప రెయిడ్ 0ను షూటింగ్ ముడి ఫుటేజ్ అయిన రషెస్ దరిదాపులకు రానివ్వకూడదు.

అసలు తగువు 5కీ 6కీ మధ్య. ఎనిమిది డిస్కుల పెట్టెలో రెయిడ్ 5 పెడితే ఏడింటి చోటు దొరుకుతుంది, 6 పెడితే ఆరింటిది. ‘ఇంకో డిస్కు ఊరికే ఎందుకు?’ అని ప్రొడక్షన్ మేనేజర్ అడుగుతారు. అడగడం వారి పని. జవాబు లెక్కలో ఉంది. 20 టెరాబైట్ల డిస్కు ఒకటి పోయి, కొత్తది పెట్టి, దాన్ని తిరిగి నింపాలంటే సెకనుకు 250 మెగాబైట్ల వేగంతో ఆగకుండా రాసినా 22 గంటలు పడుతుంది. పక్కనే ఎడిట్ నడుస్తుంటే రోజులు పడుతుంది. రిలీజు డేటు దగ్గరపడితే ఎడిట్ ఆపరు కదా! ఆ రోజులన్నీ రెయిడ్ 5 పెట్టెకు కవచం లేదు. పైగా ఒక్కదాన్ని నింపడానికి మిగిలిన ఏడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అంటే 140 టెరాబైట్లు. మామూలు డిస్కుల కాగితం మీద తయారీదారు రాసే హామీ ఏమిటంటే, ఒకటి పక్కన 14 సున్నాలు పెట్టినన్ని బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చు అని. అది 12.5 టెరాబైట్లతో సమానం. ఖరీదైన రకాలకు దానికి పదింతలు, 125. వాడకంలో డిస్కులు ఈ హామీ కన్నా మెరుగ్గానే నడుస్తాయి. అయినా 140 చదవాల్సిన వేళ, ఒక్క తప్పునూ సర్దుకునే దారి లేని చోట, హామీ 12.5 అని ఉన్నప్పుడు నా ఓటు రెయిడ్ 6కే. పెద్ద డిస్కులతో కట్టిన పెట్టెలో రెయిడ్ 5 పెట్టి మిగిల్చిన డబ్బు మిగిలినట్టు కాదు.

డిస్కులు ఎన్నాళ్లు బతుకుతాయి? రెయిడ్ పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన గార్త్ గిబ్సన్, 2007లో బియాంకా ష్రోడర్‌తో కలిసి ఈ ప్రశ్న మీదే పనిచేశారు. తయారీదారుల కాగితాల ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. వాడకంలో రెండు నుంచి నాలుగు దాకా మార్చాల్సి వస్తోందని వారు తేల్చారు. ఇప్పటి డిస్కులు కొంత నయం. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2024కు ప్రకటించిన అంకె 1.57 శాతం. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఎనిమిది డిస్కుల పెట్టెలో ఏడాది తిరిగేలోగా ఒకటైనా పోయే అవకాశం దాదాపు 12 శాతం అవుతుంది. అలాంటి పెట్టెలు పది ఉన్న పోస్ట్‌ప్రొడక్షన్ ఆఫీసులో ఏటా ఒకటైనా పోతుందనే అనుకోవాలి. పోతుందా అని కాదు, పోయిన రోజు అల్మారాలో అదే సైజు కొత్త డిస్కు ఉందా అని ఆలోచించాలి.

డిస్కులకు హైదరాబాద్‌లో ఎక్కువమంది వెళ్లేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి సీటీసీకే. ఒకే షాపులో ఒకే అట్టపెట్టెలోంచి ఎనిమిదీ తీసుకుంటే అవన్నీ ఒకే లాటువి అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే రోజు పుట్టి, ఒకే ర్యాక్‌లో, ఒకే వేడిలో, ఒకే భారం మోసిన డిస్కులు ఒకదాని వెంట ఒకటి పోతే ఆశ్చర్యం లేదు. వీలైతే రెండు మూడు షాపుల్లో, రెండు మూడు తేదీల లాట్లు చూసి కలపాలి. ఇంకో జాగ్రత్త: డిస్కు సీఎంఆర్ రకమో ఎస్ఎంఆర్ రకమో కనుక్కోవాలి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో రాతగీతలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. చోటు కలిసొస్తుంది గానీ పెట్టె తిరిగి నింపుకునే వేళ విపరీతంగా నెమ్మదిస్తాయి. నాస్‌ల కోసమే అమ్మే వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరుసలో కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని 2020 ఏప్రిల్‌లో బయటపడి గొడవైంది. ఆ తర్వాతే ఆ కంపెనీ సీఎంఆర్ రకాలను ‘రెడ్ ప్లస్’ అని విడదీసింది. పేరు చూసి కాదు, మోడల్ నంబరు చూసి కొనాలి.

కొనడం ఒక్కరోజు పని, కాచుకోవడం రోజూ పని. పెట్టెకు ఈమెయిల్ పంపే సదుపాయం ఉంటుంది. పోయిన డిస్కు గురించి అది మొదటి రోజే చెబుతుంది. ఆ మెయిలు ఎప్పుడో ఉద్యోగం మానేసిన కుర్రాడి ఐడీకి పోతుంటే ఎవరికీ తెలియదు. బీప్ మోగుతుంది, సౌండ్ మిక్సింగ్‌కు అడ్డమని ఎవరో మ్యూట్ చేస్తారు. ఒక డిస్కు చచ్చిన పెట్టె మీద వారాల తరబడి పని సాగిపోతుంది, ఎందుకంటే రెయిడ్ తన పని తాను చక్కగా చేస్తోంది! రెండోది పోయిన రోజే అందరూ పరిగెడతారు.

లోపల డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్ లెక్కలు నెలకోసారైనా చూడాలి. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ ఇంజినీర్లు 2007లో రాసిన పత్రం ప్రకారం, మొదటి స్కాన్ తప్పు కనిపించిన డిస్కు వచ్చే 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువ. అదే పత్రంలో ఇంకో మాట ఉంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికల్లో ఏ ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. అందుకే హెచ్చరిక వస్తే వెంటనే మార్చాలి. రాలేదని ధీమా పడకూడదు. నెలకోసారి ‘స్క్రబ్’ నడపాలి. అంటే పెట్టె తనలో ఉన్నదంతా తానే చదివి, పారిటీతో సరిచూసుకోవడం. ఏడాదిగా ఎవరూ ముట్టని సీనులో చెడిపోయిన మూలను ఇది ముందే పట్టేస్తుంది. లేకపోతే ఆ మూల బయటపడేది సరిగ్గా తిరిగి నింపుకునే రోజున, సర్దుకునే దారి లేనప్పుడు.

కరెంటు సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. సరుకు రాశాక పారిటీ రాసేలోపు కరెంటు పోతే రెండూ పొసగవు. ఊరికే యూపీఎస్ ఉంటే చాలదు. బ్యాటరీ అయిపోయే ముందు పెట్టెను పద్ధతిగా ఆపేలా ఆ రెండిటి మధ్య కేబుల్ కలిపి ఉండాలి. మే నెల ఎండల్లో రాత్రి ఏసీ ఆపేసి, పెట్టెను మాత్రం రెండర్ కోసం వదిలి వెళ్లే అలవాటూ మానుకోవాలి. ప్రతి డిస్కు ట్రే మీద దాని సీరియల్ నంబరు చీటీ అంటించి ఉండాలి. ‘అన్నా, మూడోది ఎర్రగా వెలుగుతోంది’ అని ఫోన్ వస్తుంది. మూడోది అంటే ఎడమ నుంచా, కుడి నుంచా, లెక్క సున్నా నుంచా ఒకటి నుంచా? కంగారులో బతికున్న డిస్కును లాగేస్తే రెయిడ్ 5 అక్కడికక్కడే కుప్పకూలుతుంది. అలా కూలినప్పుడు తెర మీద ‘ఇనిషియలైజ్’ అని వచ్చే బటన్ నొక్కితే మిగిలిందీ పోతుంది. ఆపేసి, చేతులు తీసేసి, తెలిసినవారిని పిలవాలి.

ఇంత చేసినా రెయిడ్ ఒక స్టెప్నీ. పంక్చరైన చోట బండి ఆగకుండా నడిపిస్తుంది. బండినే ఎత్తుకుపోతే స్టెప్నీ కూడా దాంతోపాటే పోతుంది. ‘మా దగ్గర రెయిడ్ ఉంది, వేరే కాపీ దేనికి?’ అన్న మాట ఎవరి నోటనైనా వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. 1998లో పిక్సార్ సంస్థలో ఎవరో ఇచ్చిన ఒక్క ఆదేశంతో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు చాలా భాగం చెరిగిపోయాయి. చెరపమన్న మాటను డిస్కుల జట్టు అన్ని డిస్కుల్లోనూ నమ్మకంగా పాటిస్తుంది. బ్యాకప్ టేపులు తీస్తే అవీ సరిగ్గా పనిచేయలేదు. పసిబిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గ్యాలిన్ సస్‌మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ ఇంట్లోని కాపీయే ఆ సినిమాను నిలబెట్టింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరస్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్‌లలో దూరి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. పారిటీ దానికి అడ్డు కాదు. 2025 మేలో ‘కన్నప్ప’ గ్రాఫిక్స్ ఉన్న హార్డ్‌డిస్కు ముంబై నుంచి కొరియర్‌లో ఫిల్మ్‌నగర్ చేరాక కనిపించకుండా పోయిందని పోలీసు ఫిర్యాదు నమోదైంది. రవాణాలో ఉన్న డిస్కుకు కావలసింది పాస్‌వర్డ్‌తో కూడిన ఎన్‌క్రిప్షన్, చేతులు మారిన ప్రతిసారీ సంతకం.

ఇక నీళ్లు. ఫిల్మ్‌నగర్ కొండ దిగి షేక్‌పేట దాటితే టోలిచౌకి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు షాహతిమ్ చెరువు పొంగి అక్కడి నదీమ్ కాలనీ మునిగింది. రోజుల తరబడి నీరు తీయలేదు. జనం మేడల మీద పడవల కోసం ఎదురుచూశారు. అలాంటి చోట సెల్లార్‌లోనో గ్రౌండ్ ఫ్లోర్‌లోనో ఎనిమిది డిస్కుల పెట్టె ఉంటే, రెయిడ్ 6 అయినా 10 అయినా ఎనిమిదీ కలిసే మునుగుతాయి. అక్కడ కాపాడేది ఇంకో పేటలో ఉన్న ఇంకో కాపీ ఒక్కటే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేది ఇదే: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. టోలిచౌకి ఆఫీసుకు వేరే చోటు అంటే పక్క వీధి కాదు. నీళ్లు ఎక్కని ఎత్తున, ఇంకో కరెంటు లైను మీద, వీలైతే ఇంకో ఊళ్లో.

రెండో రకం సాధనంగా సినిమాలకు ఇప్పటికీ మేలైనది ఎల్‌టీఓ టేపు. కరెంటు అక్కర్లేకుండా అల్మారాలో ఉంటుంది, వైరస్ దాని జోలికి పోలేదు. దానికీ ఒక షరతుంది. ఎల్‌టీఓ 7 డ్రైవ్ తనకు వెనకటి రెండు తరాల టేపులను చదివేది. 8, 9 డ్రైవ్‌లు ఒక్క తరాన్నే. 2014లో ఎల్‌టీఓ 6 టేపు మీద దాచిన సినిమాను ఇవాళ కొన్న ఎల్‌టీఓ 9 డ్రైవ్ చదవదు. కాబట్టి ఆరేడేళ్లకోసారి కొత్త తరం టేపులకు ఎక్కించుకోవాలి. దీనికి ఖర్చవుతుంది. ఆస్కార్ అకాడమీ శాస్త్ర సాంకేతిక మండలి 2007లో ‘డిజిటల్ డైలమా’ నివేదికలో ఆ ఖర్చు లెక్కగట్టింది. ఒక సినిమా మాస్టర్‌ను ఫిల్మ్ రూపంలో భద్రపరచడానికి ఏడాదికి 1,059 డాలర్లు, 4కే డిజిటల్ రూపంలో అయితే 12,514 డాలర్లు. ఆ తర్వాత డిస్కులూ టేపులూ చౌకయ్యాయి గానీ, ఏటేటా పట్టించుకోవాల్సిన బాధ్యత తగ్గలేదు.

ఫిల్మ్ రోజుల్లోనూ మనం గొప్పగా దాచుకోలేదు. భారతీయ తొలి టాకీ ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. 2003 జనవరిలో పుణెలో పాత సినిమాలు దాచిన చోట అగ్నిప్రమాదం జరిగి నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి. అయినా అప్పుడు ఒక చిరునామా ఉండేది. నెగెటివ్ నిర్మాత పేరు మీద ల్యాబ్‌లో ఉండేది. డిజిటల్ సినిమాలో రషెస్ ఒకరి దగ్గర, గ్రాఫిక్స్ నాలుగైదు ఆఫీసుల్లో, మిక్సింగ్ మరో చోట, డీఐ మాస్టర్ ఇంకో చోట. విడుదలైన నెలకు ప్రతి ఆఫీసుకూ తర్వాతి సినిమా కోసం చోటు కావాలి. ‘పాతది తీసేయమంటారా?’ అని వాట్సాప్‌లో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబివ్వాల్సిన మనిషి ఎవరో ఏ ఒప్పందంలోనూ ఉండకపోతే సినిమా అక్కడే పోతుంది. డిస్కు చెడి కాదు, ఎవరూ వద్దనక. నిర్మాణ సంస్థలు మొదటి రోజు బడ్జెట్‌లోనే దీనికి ఒక వరుస రాయాలి, ఒక మనిషి పేరు రాయాలి. ఆ పేరున్న మనిషి సంతకం లేనిదే ఏ ఆఫీసూ ఏదీ చెరపకూడదని ఒప్పందంలో ఉండాలి.

ఆ మనిషి ఏడాదికోసారి చేయాల్సిన పని ఒకటుంది. దాచిన కాపీలోంచి ఏదో ఒక రీలు, నాలుగో రీలు అనుకుందాం, పాతదానితో సంబంధం లేని మిషన్ మీద తెరవాలి. షూటింగ్ రోజున కార్డు దించేటప్పుడు, ఫైలు మారలేదని తేల్చేందుకు రాసిన చెక్‌సమ్‌తో ప్రతి ఫైలునూ సరిచూడాలి. బొమ్మ వచ్చిందంటే సరిపోదు. ఎడిట్ ప్రాజెక్టు ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో చేశారో ఆ వెర్షన్ ఉండాలి. డైలాగు, సంగీతం, ఎఫెక్ట్స్ వేరువేరు ట్రాకులుగా దొరకాలి. రంగుల పట్టిక ఫైలు ఉండాలి. టైటిల్ కార్డులు అను ఫాంట్లలో కట్టి ఉంటే ఆ ఫాంట్లు కూడా అదే టేపు మీద ఉండాలి. అవి లేని మిషన్‌లో తెరిస్తే నటీనటుల పేర్లన్నీ అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులై కనిపిస్తాయి. అది తేలాల్సింది ఈ ఏడాది పరీక్షలో, రీరిలీజుకు వారం ముందు కాదు.